రాట్‌వైలరా, లాబ్రడారా, ఊరకుక్కా? కుక్కపిల్లకు అడ్వాన్స్ ఇచ్చేముందు

మొన్న ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, రాట్‌వైలర్ పిల్ల దొరికింది. నలభై అయిదు రోజులది. సాయంత్రంలోగా అడ్వాన్స్ పంపమంటున్నారు. పంపేయనా?"

వాళ్లు ఉండేది మియాపూర్‌లో, మూడో అంతస్తు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. వాడూ, భార్యా తొమ్మిదింటికి బయల్దేరితే మళ్లీ ఇల్లు చేరేది రాత్రి ఏడు దాటాకే. పగలంతా ఇంట్లో ఉండేది మోకాళ్ల నొప్పులతో మా అక్క, నాలుగేళ్ల మనవరాలు. పక్క బ్లాకులో దొంగతనం జరిగిందట. అందుకని కాపలాకి గట్టి కుక్క కావాలనుకున్నారు.

"అక్క దాన్ని పట్టుకుని కిందికి దింపగలదా?" అన్నాను.

"ముందు పిల్లే కదా మామయ్యా. అయినా కుక్కలో ఏముంది, పెంపకాన్ని బట్టే కదా!"

ఆ అడ్వాన్స్ అప్పటికి ఆపించాను. ఇరవై ఏళ్లుగా నా ఇంట్లో కుక్క లేని రోజు లేదు. కొన్నవి తక్కువ, ఎవరికో బరువై నా దగ్గరికి వచ్చినవే ఎక్కువ. ఎవరు కుక్కను తెచ్చుకోవాలనుకున్నా అడిగేది ఇదే: ఫలానా జాతి పుట్టుకతోనే ప్రమాదమా, లేక పెంచేవాళ్లు అలా తయారుచేస్తారా? దీనికి జవాబు తెలియకుండా బ్రీడ్ ఎంచుకోవడం కుదరదు. మావాడికి ఫోన్‌లో చెప్పలేకపోయినది కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పుట్టుకా, పెంపకమా

మన దగ్గర ఒక సామెత ఉంది: పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని. ఒక వర్గం వాదన ఇదే. పిట్‌బుల్ అంటే పిట్‌బులే, దాని రక్తంలోనే ఉందంటారు. చెడ్డ కుక్కలుండవు, చెడ్డ యజమానులే ఉంటారని రెండో వర్గం. మా మేనల్లుడు చెప్పింది ఈ రెండోదే. రెండింట్లోనూ నిజముంది. కానీ ఏ ఒక్కదాన్ని పట్టుకుని కుక్కను తెచ్చుకున్నా ఇల్లు ఇబ్బందుల్లో పడుతుంది.

పుట్టుక ప్రభావం ఏమీ లేదనడం తప్పు. రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో 1959లో నక్కల మీద ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ప్రతి తరంలోనూ మనిషిని చూసి బెదరని పిల్లల్నే ఎంచి జతకట్టించుకుంటూ పోతే, కొన్ని తరాల్లోనే తోకాడిస్తూ చేతులు నాకే నక్కలు పుట్టాయి. అక్కడే ఇంకో గుంపులో కోపిష్టివాటినే ఎంచి జతకట్టిస్తే, మనిషి బోను దగ్గరికి రాగానే మీదికి దూకేవి పుట్టాయి. అంటే స్వభావం నెత్తురులో దిగుతుంది, మనిషి ఎంపికతో మారుతుంది. కుక్క విషయంలో మనిషి ఈ పని వేల ఏళ్లుగా చేస్తున్నాడు.

అలాగని బ్రీడ్ పేరు చెబితే కుక్క జాతకం చెప్పేయొచ్చనుకోవడమూ తప్పే. 2022లో సైన్స్ పత్రికలో పెద్ద పరిశోధన ఒకటి వచ్చింది. 18 వేలకు పైగా కుక్కల గురించి వాటి యజమానులను అడిగారు, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చదివారు. ఒక కుక్క ప్రవర్తనకీ ఇంకో కుక్క ప్రవర్తనకీ ఉన్న తేడాలో బ్రీడ్‌ని బట్టి చెప్పగలిగేది సుమారు 9 శాతమేనని తేలింది. మాట వినడం లాంటి గుణాల్లో బ్రీడ్ పాత్ర కాస్త ఎక్కువ కనిపించింది. కుక్క ఎంత తొందరగా రెచ్చిపోతుందన్న దాంట్లో మాత్రం బ్రీడ్ చెప్పగలిగింది దాదాపు ఏమీ లేదు.

మరైతే రాట్‌వైలర్ తెచ్చుకోవచ్చుగా అంటారేమో. ఆగండి.

కరవడం వేరు, కరిస్తే అయ్యే గాయం వేరు

నా కుడిచేతి బొటనవేలి కింద చిన్న మచ్చ ఉంది. మూడో తరగతిలో ఉండగా తెనాలిలో మా అమ్మమ్మ వాళ్ల పొమ్మేరియన్ చేసినది. అది అన్నం తింటుంటే గిన్నె జరపబోయాను. రెండు పళ్లు దిగాయి, అమ్మమ్మ సబ్బుతో కడిగి సూదిమందుకి తీసుకెళ్లింది. ఆ ఇంటికి వచ్చిన పాలవాడినీ, పోస్ట్‌మ్యాన్‌నీ అది చాలాసార్లు పట్టుకుంది. ఎవరూ దాన్ని ప్రమాదకరమైన జాతి అనలేదు. "ముద్దుముండ, చిరాకెక్కువ" అనుకుని ఊరుకున్నారు.

ఇదేదో మా ఇంటి ముచ్చట కాదు. 2008లో అమెరికాలో యజమానుల్ని అడిగి చేసిన అధ్యయనంలో మనుషుల మీద కోపం ఎక్కువగా చూపించే కుక్కల్లో ముందు వరసలో నిలిచినవి డాక్స్‌హుండ్, చివావా. ఒకటి పొట్టికాళ్లది, ఇంకోటి చేతిసంచీలో పట్టేది.

కానీ నా బొటనవేలికి రెండు పళ్ల గాయం చేసిన కోపమే యాభై కిలోల కుక్కకు వస్తే? 2022 జూలైలో లక్నోలో సొంత ఇంట్లో పెంచిన పిట్‌బుల్ దాడిలో 82 ఏళ్ల పెద్దావిడ ప్రాణం పోయింది. 2024 మేలో చెన్నైలో ఒక పార్కులో రెండు రాట్‌వైలర్లు అయిదేళ్ల పాపను తీవ్రంగా గాయపరిచాయి. ఇంకోవైపు 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును చంపినవి ఏ బ్రీడూ కాదు, వీధికుక్కలే. అక్కడ ప్రాణం తీసింది గుంపు బలం.

అందుకే "ఈ కుక్క కరుస్తుందా" అని నన్ను అడగకండి, పళ్లున్న ప్రతి కుక్కా కరవగలదు. ఈ కుక్క ఒక్కసారి పొరపాటు చేస్తే, ఆ పొరపాటును మీ ఇల్లు తట్టుకోగలదా అన్నది చూసుకోండి. పొరపాటు జరగడం, జరగకపోవడం చాలావరకు యజమాని చేతిలో ఉంది. జరిగితే ఎంత నష్టమన్నది దవడ నిర్ణయిస్తుంది. ఆ దవడ పుట్టుకతోనే వస్తుంది, ఎంత ప్రేమగా పెంచినా చిన్నదైపోదు.

ఏ కుక్క ఏ పనికి పుట్టింది

బ్రీడ్‌ను చూసేటప్పుడు అది ఏ పని కోసం తయారైందో తెలుసుకోవాలి. ఆ పనికి మీ ఇంట్లో చోటుందా అన్నది తర్వాత చూడాలి.

రాట్‌వైలర్‌కు ఆ పేరు జర్మనీలోని రాట్‌వైల్ పట్టణం నుంచి వచ్చింది. కసాయివాళ్ల పశువుల్ని తోలడం, మాంసం బండ్లు లాగడం దాని పని. పశువు మొండికేస్తే ఒంటితో తోసేది. అందుకే ఇప్పటికీ ప్రేమొచ్చినా ఒళ్లంతా వేసి తోస్తుంది. ఆ తోపుకి నాలుగేళ్ల పిల్ల, మోకాళ్ల నొప్పులున్న మనిషి నిలబడలేరు. తెలివైనది, ఇంటివాళ్లంటే ప్రాణం పెడుతుంది. కానీ కొత్తవాళ్లను అనుమానించడం దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. రోజూ గంటన్నర నడిపించే మనిషి, మాట వినేలా ఏడాదిపాటు తర్ఫీదు ఇచ్చే ఓపిక, ఇదివరకు ఓ పెద్ద కుక్కను పెంచిన అనుభవం, ఈ మూడూ ఉన్న ఇంట్లో అది బంగారం. ఒక్కటి తక్కువైనా నేను వద్దనే చెబుతాను.

డాబర్‌మన్‌ను తయారుచేసింది జర్మనీలోని అపోల్డా ఊళ్లో పన్నులు వసూలుచేసే ఒకాయన. తన వెంట రక్షణకు ఉండాలని పెంచాడు. కాబట్టి ఒక మనిషిని అంటిపెట్టుకుని ఉండటం, చప్పుడైతే లేవడం దాని స్వభావం. ఒంటరిగా వదిలేస్తే బెంగపడి సోఫా చింపుతుంది. మనం అల్సేషియన్ అనే జర్మన్ షెపర్డ్ మొదట్లో గొర్రెల మంద చుట్టూ తిరిగిన కుక్క. పని చెప్పకపోతే తనే పని వెతుక్కుంటుంది, పరిగెత్తే పిల్లల్ని మందలా తోలుతుంది, మడమలు పట్టుకుంటుంది. దాన్ని చాలామంది కోపం అనుకుంటారు.

పిట్‌బుల్ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. ఇంగ్లండ్‌లో ఎద్దుల మీదికి కుక్కల్ని వదిలే ఆటను 1835లో నిషేధించాక, ఆ ముచ్చట కుక్కల పందేలకు మళ్లింది. ఆ పందేల నుంచి వచ్చిన వంశం ఇది. పట్టు పట్టాక నొప్పి లెక్కచేయకుండా వదలకపోవడం కోసమే తరతరాలుగా ఎంచారు. దవడలకు తాళం పడుతుందన్నది కట్టుకథ. వదలకూడదన్న పట్టుదల మాత్రం నిజం. అలాగని అదే చివరి మాట కూడా కాదు. అమెరికాలో 2007లో మైకేల్ విక్ అనే ఫుట్‌బాల్ ఆటగాడి పందేల స్థావరం నుంచి సుమారు యాభై పిట్‌బుల్స్‌ను పట్టుకున్నారు. అన్నింటినీ చంపేయాల్సిందే అన్నారు చాలామంది. ఒక్కోదాన్ని విడిగా పరీక్షిస్తే చాలావాటిని కాపాడొచ్చని తేలింది. కొన్ని ఇళ్లలో పెరిగాయి, కొన్ని ఆస్పత్రుల్లో రోగులకు తోడు కూర్చునే కుక్కలయ్యాయి. వాటి వెనుక ఏళ్ల తరబడి నిపుణుల శ్రమ ఉంది. మొదటిసారి కుక్కను పెంచేవాళ్ల దగ్గర అది ఉండదు. మన ఊళ్లలో పిట్‌బుల్‌ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఫొటోల కోసం, భయపెట్టడం కోసం అడుగుతారు. ఆ కోరికే నన్ను భయపెడుతుంది.

లాబ్రడార్ తుపాకి దెబ్బకు పడ్డ పక్షిని నలగకుండా నోటకరిచి తెచ్చేందుకు తయారైంది. నోరు మెత్తన, మనిషిని సంతోషపెట్టాలన్న తపన ఎక్కువ. కాపలాకు పెద్దగా పనికిరాదు. అయినా ముప్పై కిలోల కుక్కే, రెండేళ్లు వచ్చేదాకా గున్న ఏనుగులా తిరుగుతుంది, దానికీ నడక కావాలి. ఇక మనం పొమ్మేరియన్ అని పిలిచేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్. చప్పుడైతే చాలు అరుస్తుంది కాబట్టి దొంగ వస్తే తెలియాలన్న పనికి రాట్‌వైలర్ కంటే ఇదే చవకైన గంట. చిన్నపిల్లలుంటే మాత్రం నా బొటనవేలు గుర్తుపెట్టుకోండి.

రాజపాళయం, ముధోల్ లాంటి మన దేశవాళీ వేటకుక్కలు అందమైనవే, మన ఎండలకు తట్టుకుంటాయి. కానీ పరిగెత్తడానికి పొలం కావాలి. ఫ్లాట్‌లో పెట్టడం వాటికి శిక్ష.

ఊరకుక్క పిల్ల సంగతి చెప్పాలంటే నాకు పక్షపాతం ఉంది, దాచను. నా దగ్గర ఇప్పుడున్న రెండూ అవే. పదిహేను, ఇరవై కిలోలు దాటవు, చర్మ రోగాలు తక్కువ, మిగిలిన పెరుగన్నం కూడా వంటికి పడుతుంది. ఏ పని కోసమూ మనిషి దాన్ని మలచలేదు, అందుకే పట్టుదలలు తక్కువ. లోపం కూడా చెప్పాలి. రోడ్డు మీద నాలుగైదు నెలలు పెరిగాక తెచ్చుకుంటే కొత్త మనుషులంటే బెదురు పోవడం కష్టం. రెండు నెలల వయసులో తెస్తేనే సుఖం.

మిద్దె మీద సింబా

పెంపకం అంటే ఏమిటో నాకు నేర్పింది మా పాత కాలనీలో ఒక రాట్‌వైలర్. పేరు సింబా. నెలన్నర పిల్లగా తెచ్చారు. ఎనిమిది నెలలకు ఇంట్లో పెద్దావిడను ముద్దుగా తోసి పడేసింది. మర్నాడే మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన కట్టేశారు. నాలుగడుగుల గొలుసు. పొద్దున, రాత్రి గిన్నె పెట్టి దిగిపోయేవాళ్లు. కొట్టలేదు, తిట్టలేదు. ఆ ఇంటాయన ఎప్పుడూ అదే అనేవాడు, "ఒక్క దెబ్బ కూడా వేయలేదండీ" అని. ఏడాదిన్నర గడిచేసరికి దాని కాళ్ల కింద సిమెంటు మీద అర్ధచంద్రాకారంలో నున్నటి చార పడింది. గొలుసు చివర గోళ్లు గీసుకున్న చార అది. నేను చేత్తో తడిమి చూశాను, మిగతా నేలంతా గరుకుగా ఉంటే అక్కడ మాత్రం అద్దంలా జారింది.

ఒకరోజు ట్యాంకు కడగడానికి వచ్చిన కుర్రాడు గొలుసు పొడవు అంచనా వేయలేకపోయాడు. ముంజేతికి పద్నాలుగు కుట్లు పడ్డాయి. "ఆ జాతే అంత" అంది కాలనీ అంతా. నేను వాళ్లను అడిగి రోజూ సాయంత్రం పైకెళ్లి గొలుసుకు అందనంత దూరంలో కూర్చునేవాణ్ణి, పక్కకు తిరిగి, కళ్లలోకి చూడకుండా. మొదటి వారమంతా గుర్రుమంది. పదకొండో రోజు బోర్లా పడుకుని గడ్డం తెచ్చి నా చెప్పు మీద ఆనించింది. తర్వాత చేవెళ్ల వైపు తోట ఉన్న ఒక అనుభవజ్ఞుడు తీసుకెళ్లాడు.

ఆ కుక్కను అలా చేసింది మనుషులే. ఆ పద్నాలుగు కుట్లు వేయించింది మాత్రం ఆ దవడ. అమ్మమ్మ పొమ్మేరియన్‌ను ఏడాదిన్నర కట్టేసినా అది కూడా కరిచేదే, కానీ ఆ కుర్రాడు నెల రోజులు పని మానుకోవాల్సి వచ్చేది కాదు. నాకు తెలిసిందంతా ఈ ఒక్క ముంజేతిలో ఉంది.

అమెరికాలో 2000 నుంచి 2009 వరకు కుక్కకాటుతో జరిగిన 256 మరణాలను ఒక్కోటీ విప్పి చూసిన అధ్యయనం ఒకటుంది. ఆ ఘటనల్లో సుమారు 84 శాతం కుక్కలకు సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించలేదు. 76 శాతం ఇంటి మనుషులతో కలవనివ్వకుండా విడిగా ఉంచినవి. 87 శాతం సందర్భాల్లో అడ్డుపడగలిగే మనిషి దగ్గర లేడు. బ్రీడ్‌ను నమ్మకంగా చెప్పగలిగింది 18 శాతం కేసుల్లోనే.

ఇక ఆ నలభై అయిదు రోజుల మాట. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అంటే యాభై ఆరు రోజులు. ఆ పదకొండు రోజులకు అంత విలువేంటంటారా? పిల్లలు ఒకదాన్నొకటి కరుచుకుని ఆడేటప్పుడు గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట ఆపేస్తుంది. తల్లి గుర్రుమంటుంది. ఎంత గట్టిగా కొరికితే నొప్పో పిల్ల అక్కడే నేర్చుకుంటుంది. అది నేర్వకముందే మన ఇంటికొస్తే ఆ పాఠం మన పిల్లల చేతుల మీద జరుగుతుంది. మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం వరకు చూసిన మనుషులు, శబ్దాలు, వాసనలే కుక్కకు జీవితాంతం మామూలు సంగతులు. అప్పుడు గడ్డం ఉన్నవాళ్లను, బురఖా వేసుకున్నవాళ్లను, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ కుర్రాళ్లను చూపించాలి. టీకాలు పూర్తికాకపోతే నేల మీద దించకుండా ఎత్తుకునైనా చూపించండి.

ఇంకో మాట. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్మి పిల్లల్ని దగ్గరికి పంపకండి. గుర్రుమనడం కుక్క మనకిచ్చే హెచ్చరిక. గుర్రుమన్నందుకు కొట్టారంటే అది హెచ్చరించడం మానేస్తుంది, కోపం మాత్రం మానదు. అప్పుడే "ఏ సూచనా లేకుండా కరిచేసింది" అంటారు. సూచనలుంటాయి. గిన్నె దగ్గరికి పాప వెళ్లినప్పుడు చూడండి, నమలడం ఆగిపోతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, తల కదలదు గానీ కన్ను పక్కకు తిరిగి తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తుంది. అక్కడే పాపను ఎత్తేసుకోవాలి.

చట్టాన్ని చూసి ఎంచుకోవచ్చా

కొంతమంది నిషేధించిన జాబితాలో లేకపోతే చాలనుకుంటారు. 2024 మార్చిలో కేంద్రం 23 రకాల కుక్కల అమ్మకాన్నీ, పెంపకాన్నీ ఆపమని రాష్ట్రాలకు రాసింది. పిట్‌బుల్, రాట్‌వైలర్, కేన్ కోర్సో లాంటివి అందులో ఉన్నాయి. డాబర్‌మన్, జర్మన్ షెపర్డ్ లేవు. సంబంధించినవాళ్లను సంప్రదించకుండా ఇచ్చారంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో ఆ ఉత్తర్వును కొట్టేసింది. బ్రిటన్ 1991 చట్టంలో నాలుగు రకాలను నిషేధించింది. ఆ తర్వాత జాబితాలో లేని ఎక్స్‌ఎల్ బుల్లీ అనే భారీ కుక్కల రకం పెరిగి, దాడులు పెరిగి, 2024 ఫిబ్రవరి నుంచి అనుమతి పత్రం లేకుండా దాన్ని ఉంచుకోవడం ఇంగ్లండ్, వేల్స్‌లో నేరమైంది. ఒక పేరు తీసేస్తే భయపెట్టే కుక్క కావాలనుకునేవాళ్లు ఇంకో పేరుతో తెచ్చుకున్నారు. జాబితా మీ ఇంట్లో పాపను కాపాడదు. మన చట్టంలో మీకు వర్తించేది భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్. మీ జంతువు వల్ల ఎదుటివాళ్లకు ప్రమాదం కలగకుండా జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా అయిదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. అందులో బ్రీడ్ ప్రస్తావన లేదు.

మియాపూర్ ఇంటికి ఏది?

మా అక్క ఇంటి లెక్క నాకిలా తేలింది. పగలు పదిగంటలు కుక్కను పట్టుకోగల మనిషి లేడు కాబట్టి రాట్‌వైలర్, డాబర్‌మన్, అల్సేషియన్ పోయాయి. దొంగల భయానికి మంచి తాళం, ఒక కెమెరా చాలు. పాప ఉంది కాబట్టి చిరాకుపడే స్పిట్జ్ కూడా వద్దన్నాను. మిగిలినవి రెండు. అమెరికా వెళ్లిపోతున్న ఒక కుటుంబం నాలుగేళ్ల లాబ్రడార్‌ను మంచి ఇంటికి ఇవ్వాలని చూస్తోంది. ఆపరేషన్ అయింది, పిల్లలున్న ఇంట్లో పెరిగింది. రెండోది మా వీధిలో ఈమధ్యే ఈనిన కుక్క పిల్లల్లో ఒకటి, వచ్చే వారానికి రెండు నెలలు నిండుతాయి.

నా మొగ్గు లాబ్రడార్ వైపే. ఊరకుక్కల మీద ఎంత ప్రేమున్నా ఈ ఇంటికి ఈ మాటే చెప్పాలి. పిల్ల ఎలా తయారవుతుందో ఊహించాలి. నాలుగేళ్ల కుక్క ఎలాంటిదో కళ్లెదుట కనిపిస్తుంది. దాన్ని నడిపించడానికి పొద్దునా సాయంత్రం మేనల్లుడు లేవాల్సిందే, అక్కకు అప్పజెప్పడానికి వీల్లేదు. మాటిచ్చాడు.

ఈ ఆదివారం చూడ్డానికి వెళ్తున్నాం. అది తింటున్నప్పుడు, నిద్రలో ఉన్నప్పుడు ఎవరైనా దగ్గరికొస్తే ఏం చేస్తుందో, ఇంతవరకు ఎవరినైనా పళ్లతో తాకిందా, తాకితే ఎందుకో అడగమన్నాను. మందుల పుస్తకం చూడమన్నాను. పాపను మొదటి రోజే తీసుకురావొద్దన్నాను. రెండోసారి తెచ్చినప్పుడు పాప దాని దగ్గరికి వెళ్లకూడదు, నేల మీద వాళ్ల నాన్న ఒళ్లో కూర్చోవాలి. రావాలో వద్దో కుక్క తేల్చుకుంటుంది.